తిమింగలం పళ్ళు వాడకపోవడం వల్ల పోలేదు

అవశేషావయవాల గురించి తెలుగులో ఏ నోట్సు తిరగేసినా ఒకే అర్థం వచ్చే వాక్యం తగులుతుంది: వాడకపోవడం వల్ల క్షీణించి, ఇప్పుడు ఏ పనీ చేయకుండా మిగిలిపోయినవి. ఆ వెంటనే ఉండుకం, జ్ఞానదంతాలు, చెవి కండరాలు అని మూడు పేర్లు. మార్కులకు అది చాలు. కానీ ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయని నేను గట్టిగా అంటాను. "వాడకపోవడం వల్ల" అన్నది మొదటిది. "ఏ పనీ చేయకుండా" అన్నది రెండోది. మొదటిది డార్విన్ పేరు చెప్పి పిల్లలకు లామార్క్‌ను నేర్పుతుంది, అంటే వాడని అవయవం క్షీణిస్తుందని, ఆ క్షీణతే పిల్లలకు అందుతుందని చెప్పిన డార్విన్ ముందటి శాస్త్రవేత్తను. రెండోది ఇంకా ప్రమాదం. ఆ అవయవానికి చిన్న పని ఒకటి బయటపడగానే "చూశారా, అది అవశేషం కాదు, పరిణామమే తప్పు" అనేవాళ్ళకు మనమే తలుపు తీసి పెట్టినట్టవుతుంది.

ఈ రెండు తప్పులూ తేటగా కనిపించాలంటే మనిషి ఉండుకం దగ్గర ఆగితే కుదరదు. సముద్రంలో బతికే క్షీరదాల నోరు చూడాలి.

2023 జులై చివర్లో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం ఒడ్డుకు సుమారు 25 అడుగుల తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. నీలి తిమింగలమని వార్తలొచ్చాయి. 25 అడుగులంటే వినడానికి పెద్దదే. కానీ నీలి తిమింగలం పుట్టడమే దాదాపు 23 అడుగులతో పుడుతుంది. ఆ లెక్కన అది ఇంకా పసిబిడ్డ. అలాంటి పిల్ల నోట్లో వెతికితే ఒక్క పన్ను దొరకదు. పై దవడ అంచుల వెంట, మన గోళ్ళలో ఉండే కెరటిన్‌తోనే తయారై, నీటిని వడకట్టి తిండి పట్టే బలీన్ పలకలు వరుసగా ఉంటాయి. అలాగని దానికి పళ్ళు ఎన్నడూ లేవనడం సరికాదు. తల్లి కడుపులో ఉండగా దానికి పై దవడలోనూ కింది దవడలోనూ పళ్ళ మొలకలు వచ్చాయి. పుట్టేలోగా కరిగిపోయాయి.

కడుపులో జరిగేది

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఫ్రెంచ్ జీవశాస్త్రవేత్త ఎతియెన్ జొఫ్రాయ్ సెంతిలేర్ 1807లోనే తిమింగలం పిండం దవడలో పళ్ళ మొలకల గురించి రాశాడు. తర్వాత వేట ఓడల మీద దొరికిన పిండాలను కోసి చూసినవాళ్ళు ఒక్కో దశనూ నమోదు చేసుకుంటూ వచ్చారు.

కోసి చూడటం అంటే కత్తితో దవడ చీల్చి చూడటం కాదు. దవడ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, సున్నం పట్టిన భాగం ఉంటే ఆమ్లంతో ఆ సున్నం తీసేసి, మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో నూరో వంతు కన్నా పల్చటి పొరలుగా తరిగి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద వరుస తప్పకుండా చూడాలి. ఆ వరుసే కీలకం. పన్ను మొలక మొదట పంటి చిగురు లోపలికి దిగిన పొరగా మొదలవుతుంది. ఆ పొర మీద మొగ్గ లేస్తుంది. మొగ్గ అడుగు లోపలికి నొక్కుకుని టోపీలా, ఆ తర్వాత గంటలా మారుతుంది. గంటను మధ్యలో కోస్తే గంటలాగే కనిపిస్తుంది. అంచున కోస్తే మాత్రం మొగ్గలా కనిపిస్తుంది. ఒక్క పొర చూసి "ఇది మొగ్గ దశలోనే ఆగిపోయింది" అని రాస్తే తప్పులో కాలేసినట్టే. ఆ మొలక మొదటి నుంచి చివరిదాకా వచ్చే పొరలన్నీ పక్కపక్కన పెట్టుకుంటేనే అసలు ఆకారం తెలుస్తుంది.

అలా చూస్తే తేలేది ఇది. బలీన్ తిమింగలం మొలక మొగ్గ దగ్గర ఆగదు. టోపీ దాటి గంట దాకా వెళ్తుంది. అంటే మనిషి పిండంలో పన్ను నడిచే దారిలోనే సగం పైగా నడుస్తుంది. కొన్ని మొలకల్లో పన్ను లోపలి గట్టి పదార్థమైన డెంటిన్ పొర కూడా పడుతుంది. పన్ను మీద కప్పే పింగాణి (ఎనామెల్) పొర మాత్రం పడదు. ఆ తర్వాత ఎముకను తినే కణాల్లాంటివి వచ్చి మొలకను కరిగించేస్తాయి. అదే కాలంలో పై దవడ చిగురు మందమెక్కి అక్కడ బలీన్ మొదలవుతుంది.

డెంటిన్ దాకా వచ్చి పింగాణి దగ్గర ఎందుకు ఆగింది? నా వాదన అంతా ఈ ప్రశ్న మీదే నిలబడి ఉంది.

ఏది ముందు పోతుంది

పింగాణి పొర తయారవడానికి ముఖ్యంగా మూడు ప్రొటీన్లు కావాలి: అమెలోజెనిన్, అమెలోబ్లాస్టిన్, ఎనామెలిన్. వీటిని సమయానికి ముక్కలు చేసి గట్టిపడనివ్వడానికి ఎమ్ఎమ్‌పీ20 అనే ఎంజైము కావాలి. మనుషుల్లో ఈ ఎంజైము జన్యువు రెండు ప్రతులూ చెడితే పింగాణి సరిగ్గా గట్టిపడదు. పళ్ళు పసుపు, గోధుమ రంగుల్లో ఉండి తొందరగా అరిగిపోతాయి.

బలీన్ తిమింగలాల్లో ఈ జన్యువులు పాడుబడ్డ ఇళ్ళలా ఉన్నాయి. గోడలున్నాయి, కాపురం లేదు. ఎనామెలిన్ జన్యువులో అక్షరాలు ఊడిపోయాయి, కొన్నిచోట్ల అదనంగా చేరాయి. జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదవాలి కాబట్టి ఒక్కటి జారినా మిగతాదంతా చెడుతుంది. "పలక వలస కలప మడమ" అన్న వరుసలో రెండో మాటలోని "వ" తీసేసి మళ్ళీ మూడేసి చొప్పున చదవండి: "పలక లసక లపమ డమ". జారిన చోటి నుంచి ఒక్క మాటా మిగల్లేదు.

ఈ చెడిపోవడం తీరు చూస్తే వాడకపోవడం అనే వివరణ ఎందుకు నిలబడదో తెలుస్తుంది. ఎమ్ఎమ్‌పీ20లో ఎక్కడి నుంచో వచ్చి దూరిన ఒక డీఎన్ఏ ముక్క బలీన్ తిమింగలాలన్నిటిలోనూ ఒకే చోట ఉంది. అది అన్నిటికీ ఉమ్మడి పూర్వికుడిలోనే దూరిందన్నమాట. ఎనామెలిన్‌లో మాత్రం ఒక్కో జాతికి ఒక్కో చోట ఒక్కో రకంగా అక్షరాలు జారాయి. వాడకపోవడం అనేది నిజంగా అవయవాన్ని అరగదీసే శక్తే అయితే, ఒకే రకం నోరున్న జంతువుల్లో నష్టం కూడా ఒకే తీరుగా ఉండాలి. ఇక్కడ ఉన్నది గాలివాటుగా పడ్డ దెబ్బలు. పళ్ళతో బతికే జంతువులోనూ ఈ దెబ్బలు పడుతూనే ఉంటాయి. కానీ ఆ దెబ్బ తిన్న పిల్ల పళ్ళు అరిగి, తిండి సరిపోక, తక్కువ సంతానాన్ని మిగిల్చి పోతుంది, దాంతో ఆ దెబ్బ కూడా పోతుంది. నీటిని వడకట్టి తినే జంతువులో ఆ దెబ్బ పడ్డ పిల్లకు నష్టమేమీ లేదు. దెబ్బ తర్వాతి తరానికి దాటుతుంది. ఏ తిమింగలమూ తన పళ్ళను వాడటం మానేసి పిల్లకు బలహీనమైన పళ్ళు ఇవ్వలేదు. పళ్ళు చెడినవాటిని ఏరివేసే జల్లెడ ఒక్కటే లేకుండా పోయింది.

మరి మొలక ఎందుకు మిగిలింది? దాన్ని మొదలుపెట్టే సంకేతాలైన సోనిక్ హెడ్జ్‌హాగ్, బీఎమ్‌పీ4, ఎఫ్‌జీఎఫ్8 ఒక్క పళ్ళ కోసం ఉన్నవి కావు. వెన్నుపాము, గుండె, ముందు రెక్కలు, ముఖం అన్నీ వాటితోనే రూపు దిద్దుకుంటాయి. వాటిలో దేన్ని చెడగొట్టినా పిండమే నిలవదు. డెంటిన్‌కు వాడే కొల్లాజెన్ లాంటి సరుకులో చాలాభాగం ఎముకకూ కావాలి. పింగాణి సరుకు మాత్రం దాదాపు పింగాణికే. అందుకని మొదట పోయింది పింగాణి. డెంటిన్ సగంలో ఆగింది. మొలక నిలిచింది. వేరే కొలువు లేనిది ముందు పోయింది, నాలుగిళ్ళలో పని ఉన్నది మిగిలింది. "పనికిరానిది మిగిలిపోయింది" అని మనం చదువుకున్నదానికి ఇది దాదాపు తలకిందులు.

ఒంగోలు గిత్తకు పైపళ్ళు

మొలకకు ఏదో పని ఉందేమోనన్న అనుమానం న్యాయమైనదే. మొలకలు కరిగే కాలమూ బలీన్ మొదలయ్యే కాలమూ దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి, బలీన్‌ను మొదలుపెట్టే సంకేతం మొలకల నుంచే అందుతోందేమోనని కొందరు శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. ఇంకా తేలని మాట. రేపు నిజమని తేలినా నాకు ఇబ్బంది లేదు. పన్ను ఆకారంలో మొదలై, గంట దాకా వెళ్ళి, డెంటిన్ పేర్చుకుని, ఆపైన కరిగిపోయేదాన్ని పన్ను మొలక అనక తప్పదు. దానికి కొత్తగా కొలువు దొరికినంత మాత్రాన పాత ఇంటిపేరు మారదు. అవశేషం అంటే పాత పని పోయినది అనే అర్థం. ఏ పనీ లేనిది అని కాదు.

డార్విన్ 1859లో తిమింగలం పిండం పళ్ళ పక్కనే దూడ పిండం పళ్ళనూ చెప్పాడు. మన రైతులకు పశువు నోరు కొత్త కాదు. ఒంగోలు ఎద్దుల బండలాగుడు పోటీల్లో విభాగాలే పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. లెక్కపెట్టేవన్నీ కింది పళ్ళే. పైన ముందు పళ్ళ స్థానంలో గట్టి చిగురు మెత్త ఉంటుంది. పుట్టని దూడల పై దవడలో చిగురు చీల్చని పళ్ళుంటాయని డార్విన్ రాశాడు. అది కొంచెం ఎక్కువ చెప్పినట్టే. పల్చటి పొరలుగా కోసి చూస్తే అక్కడ ఉండేది మొలక తొలి అడుగులోనే ఆగిపోయే పొర. తిమింగలం గంట దాకా వెళ్తే దూడ గడప కూడా దాటదు. ఒకే వాక్యంలో కలిపి చెప్పినా ఆ రెండూ ఒక మోతాదు అవశేషాలు కావు.

ఆవు, తిమింగలం దూరపు చుట్టాలే. ఆ చుట్టరికంలో కీలకమైన ఇండోహ్యూస్ అనే శిలాజ జంతువు జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ ప్రాంతంలో దొరికింది. 1971లో దానికి పేరు పెట్టింది భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు. అప్పటికి చేతిలో ఉన్నవి కొన్ని పళ్ళు, దవడ ముక్కలు మాత్రమే. ఆయన సేకరించి ఉంచిన రాళ్ళ నుంచే తర్వాత పుర్రెలు బయటపడి, చెవి ఎముకను బట్టి అది తిమింగలాల దగ్గరి బంధువని 2007లో తేలింది.

"లేవు" అని రాసేముందు

ఈ విషయంలో పుస్తకాల్లో కనిపించే పొరపాట్లలో చాలావాటికి మూలం మ్యూజియం పుర్రె. స్పెర్మ్ తిమింగలం పుర్రె ఎక్కడ చూసినా కింది దవడలో ఒక్కో పక్క 20 నుంచి 26 దాకా బండపళ్ళు, పై దవడ నున్నగా ఉంటాయి. కాబట్టి పైపళ్ళు లేవని రాసేస్తారు. ఉన్నాయి. చిన్నవి, వంకరగా, చాలావరకు చిగురు లోపలే ఉంటాయి. అవి ఎముకలో పాతుకుని ఉండవు, చిగురు కండలో ఉంటాయి. కళేబరం నుంచి పుర్రె తీయాలంటే కండ కుళ్ళబెడతారు, లేదా పూడ్చిపెట్టి ఏడాదో రెండేళ్ళో ఆగి తవ్వుతారు. చిగురుతోపాటు పళ్ళూ ఆ మట్టిలోనే కలిసిపోతాయి. పుర్రె శుభ్రంగా వస్తుంది, సాక్ష్యం పోతుంది.

కొమ్ములాంటి పొడవాటి దంతముండే తిమింగలం నార్వాల్‌దీ అదే కథ. పిండంలో పై దవడలో ఆరు జతల మొలకలు మొదలవుతాయి. పెద్దయ్యాక మిగిలేవి రెండు జతలు. ఒక జత కొమ్ములా పెరిగే దంతానిది. మగవాటిలో ఎడమది రెండున్నర మీటర్ల పైకి సాగుతుంది, కుడిది మామూలుగా 30 సెంటీమీటర్లలోపు ఎముకలోనే ఉండిపోతుంది. రెండో జత దంతపు గూళ్ళ పక్కనే చిన్న గుంటల్లో ఉంటుంది. ఒక్కో జంతువులో ఒక్కో ఆకారం. గుంట నోరు తెరుచుకునే ఉంటుంది కాబట్టి పుర్రె శుభ్రం చేసేటప్పుడు ఇవి జారిపోయి, ఖాళీ గుంటలే మిగులుతాయి.

ఒడ్డున దొరికిన కళేబరం దగ్గర పనిచేసేవాళ్ళు పాటించాల్సింది పెద్ద కష్టమేం కాదు. కుళ్ళబెట్టక ముందే పై చిగురును అంగుళం అంగుళం వేలితో గట్టిగా నొక్కుతూ పోవాలి. గింజలా తగిలిన చోట ఎన్నోది, ఏ పక్కది అని రాసుకోవాలి. చిగురు పట్టీని ఎముక నుంచి ఒకే ముక్కగా ఒలిచి, ముందు కొస ఏదో గుర్తు కట్టి, విడిగా ఫార్మలిన్‌లో పెట్టాలి. ఎక్స్‌రే తీసే వీలుంటే ఒలవక ముందే తీయాలి. ఎక్స్‌రేలో ఇసుక రేణువులు, చిన్న పళ్ళు ఒకేలా కనిపించి మోసం చేస్తాయి కాబట్టి నోరు ముందుగా నీళ్ళతో బాగా కడగాలి. ఇదేదీ చేయకుండా దాఖలాల్లో "పై దవడ: పళ్ళు లేవు" అని రాస్తే ఆ గీత పాతికేళ్ళు పుస్తకం నుంచి పుస్తకానికి నడుస్తుంది. "పుర్రెలో కనిపించలేదు" అని రాయడం న్యాయం.

బయట ఉన్న పళ్ళకూ పని ఉందా

స్పెర్మ్ తిమింగలం కింది పళ్ళు మాత్రం తిండికి అవసరమని ఎలా అనుకున్నాం? ఆ పిల్లలకు పళ్ళు చిగురు చీల్చుకుని వచ్చేసరికి పదేళ్ళ దాకా పట్టొచ్చు. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా అవి స్క్విడ్ పట్టి తింటూనే ఉంటాయి. దవడ వంకరపోయినవీ విరిగినవీ కూడా ఒళ్ళు చేసి ఉండటం వేటగాళ్ళు చూశారు. నోటితో పీల్చి మింగడమే వాటి పద్ధతని ఇప్పుడు ఎక్కువమంది అనుకునేది. మరి చిగురులో దాగినదాన్ని అవశేషం అని, బయట మెరిసే కిలో బరువు పన్నును కాదని గీత ఎక్కడ గీద్దాం? కింది పన్ను తిండి పనిని చాలావరకు వదులుకుంది. మగవాటి ఒంటి మీది గీతలు చూస్తే పోట్లాటకు మాత్రం వాడుతున్నట్టే ఉంది.

పక్షి ముక్కులా సాగిన మూతి ఉండే ముక్కు తిమింగలాల్లో ఈ గీత ఆడ మగ మధ్యే వెళ్తుంది. చాలా జాతుల్లో మగదానికి కింది దవడలో ఒక్క జత పళ్ళు బయటికొస్తాయి. ఆడదానికి అవే పళ్ళు చిగురు లోపల జీవితమంతా ఉండిపోతాయి. పట్టీపంటి ముక్కు తిమింగలంలోనైతే మగదాని పళ్ళు పట్టీల్లా పైకి వంగి పై దవడను చుట్టేసి నోరు కొన్ని సెంటీమీటర్లకు మించి తెరుచుకోనివ్వవు. అయినా అది తిని బతుకుతోంది. ఒకే జాతిలో, ఒకే జన్యువులతో వచ్చే పన్ను ఒకదానిలో ఆయుధం, ఇంకోదానిలో అవశేషం. "వాడకపోవడం" అనే మాటను ఇక్కడ ఏ తరానికి అంటగడతాం?

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది డుగాంగ్. మన పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, అండమాన్ తీరాల్లో ఇంకా కొద్దిగా మిగిలిన సముద్రపు ఆవు. పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను 2022లో తమిళనాడు దానికి రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. సముద్రపు గడ్డి మేసే జంతువుకు గట్టి దవడపళ్ళు ఉండాలనుకుంటాం. దానికి జీవితకాలంలో దవడలో ఒక్కో పక్క ఆరు దాకా దవడపళ్ళు వచ్చినా, ముందువి ఒక్కొక్కటే వేరు కరిగి ఊడిపోయి, చివరి రెండే మిగులుతాయి. అవి వేరు మూసుకోకుండా అడుగు నుంచి పెరుగుతూనే ఉంటాయి. కానీ మెత్తని, గడ్డి నమిలే వెడల్పు లేని మొద్దుపళ్ళు. గడ్డిని నలిపే పని పై, కింది దవడల ముందున్న గరుకైన కొమ్ము పదార్థపు మెత్తలది. ఆ కింది మెత్త ఎత్తి చూస్తే దాని అడుగున కింది ముందుపళ్ళ అవశేషాలు ఎన్నడూ వెలుగు చూడకుండా పడి ఉంటాయి.

అడుగున దాగినవి అవశేషాలే, అందులో అనుమానం లేదు. కానీ రోజూ పెరుగుతూ రోజూ అరుగుతూ ఉన్న ఆ దవడపళ్ళు? కనిపిస్తున్నాయి, వాడకంలోనూ ఉన్నాయి. అయినా తీసేస్తే జంతువుకు పెద్ద లోటు ఉండదేమో అనిపించేంత తక్కువ పని వాటిది. వాటినీ నేను అవశేషాల వైపే లెక్కిస్తాను. "వాడకం" కొలమానం కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

పిండాన్ని చరిత్రగా చదవొచ్చా

పిండంలో ముందు పళ్ళు, అవి పోతుండగా బలీన్. కాబట్టి చరిత్రలోనూ ఇదే వరుస అనేస్తే పప్పులో కాలేసినట్టే. శిలాజాలు అంత తేలిగ్గా ఒప్పుకోవడం లేదు. అమెరికాలో ఆరిగన్ దగ్గర దొరికిన ఏటియోసీటస్ అనే శిలాజ తిమింగలానికి పళ్ళున్నాయి. వాటి పక్కనే అంగిటిలో, ఇప్పటి తిమింగలాల్లో బలీన్‌కు రక్తం అందించే రంధ్రాల్లాంటివీ ఉన్నాయి. రెండూ కలిసి ఉన్నాయనడానికి అది ఆధారం. అదే ఆరిగన్‌లో దొరికిన, దాదాపు 3.3 కోట్ల ఏళ్ళనాటి మయాబలీనా అనే ఇంకో శిలాజ తిమింగలానికి పళ్ళూ లేవు, బలీన్ ఉన్న గుర్తులూ లేవు. పీల్చి మింగేదని దాన్ని పరిశోధించినవాళ్ళ అభిప్రాయం. బలీన్ కెరటిన్ కాబట్టి శిలగా మారడం అరుదు, అందుకే ఈ తగువు రంధ్రాల మీద నడుస్తోంది. నేను ఏటియోసీటస్ వైపు కొంచెం మొగ్గుతాను, ఎందుకంటే అంగిటి రంధ్రాలను సీటీ స్కాన్‌లో లోపలిదాకా వెంబడించి చూసినా ఆ పోలిక నిలబడింది. పిండం మాత్రం ఈ తగువులో సాక్షి కాదు. అది ఈనాటి తిమింగలాన్ని తయారుచేసే పనిలో ఉంది.

డుగాంగ్ దగ్గరికే మళ్ళీ వస్తాను. మగదానికి పై దవడ నుంచి దంతాలు బయటికొచ్చి అరుగుతాయి. ఆడదానికి అవే దంతాలు మామూలుగా ఎముక లోపలే ఉండిపోతాయి, ముసలితనంలో ఎప్పుడో కొన్నిటికి కొన బయటపడుతుంది. డుగాంగ్ వయసు తెలుసుకోవాలంటే ఈ దంతాన్ని నిలువునా రెండుగా కోసి, కోసిన ముఖాన్ని నునుపు చేసి, డెంటిన్ పొరలు లెక్కపెట్టాలి, ఏడాదికో పొర చొప్పున. మగదాని దంతంలో కొన అరిగి తొలి ఏళ్ళ పొరలు పోతాయి, వచ్చిన లెక్క అసలు వయసు కన్నా తక్కువే అవుతుంది. ఆడదాని దంతం అరగదు కాబట్టి పుట్టినప్పుడు పడ్డ గీత నుంచి మొదలుపెట్టి ఒక్క ఏడూ పోకుండా లెక్కకొస్తుంది. డుగాంగ్‌లు 70 ఏళ్ళ పైన బతుకుతాయని మనకు తెలిసింది అలా చిగురు దాటని దంతం నుంచే, 73 పొరల లెక్కతో.